ఖరీఫ్ ముసురులో సలాలా, దసరా వానల్లో విశాఖ

నేను విశాఖలో హైస్కూల్ పిల్లలకి సోషల్ చెప్తాను. ప్రతి జూన్‌లో బోర్డు మీద అరేబియా సముద్రం గీసి, ఆఫ్రికా వైపు నుంచి కేరళ దాకా ఒక పెద్ద బాణం వేసి, ఇవే నైరుతి రుతుపవనాలు అంటాను. ఆ బాణానికి ఎడమ పక్కన ఏముందని పిల్లలు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పక్కన ఒమన్ ఉంది. మా అప్ప, అంటే అక్క, బావ పదకొండేళ్లుగా ఉంటున్న సలాలా ఊరు ఉంది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటే సలాలా 17 డిగ్రీల మీద ఉంది, అంటే పటం మీద స్కేలు పెట్టి గీస్తే దాదాపు ఒకే గీత. అదే ఎండ, అదే నైరుతి గాలి, ఊరి వెనక కొండలు, ముందు సముద్రం. మరి అది ఎడారి దేశం ఎందుకయింది, మనం వరి పండించుకునే దేశం ఎందుకయ్యాం అన్నది చూడాలని ఎన్నాళ్లనుంచో ఉంది. పోయిన ఆగస్టులో అమ్మని తీసుకుని వెళ్లాను. దసరాకి వాళ్లు ఇక్కడికి వచ్చారు. రెండు ప్రయాణాలూ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే విడివిడిగా రాస్తే సగమే చెప్పినట్టు అవుతుంది.

సలాలా, మొదటి రోజు

హైదరాబాద్ మీదుగా మస్కట్ దిగేసరికి అక్కడ అర్ధరాత్రి. తలుపు తెరవగానే మొహం మీద వేడి కొట్టింది. విశాఖ ఉక్కపోత నాకు కొత్త కాదు, కానీ అర్ధరాత్రి కూడా తగ్గని ఆ సెగకి అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఇదేట్రా, పొయ్యి ముందు నిలబడ్డట్టుంది" అంది. పొద్దున్నే సలాలా విమానం ఎక్కాం. మస్కట్ నుంచి సలాలాకి రోడ్డు మీద అయితే వెయ్యి కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆ దారంతా కిటికీలోంచి చూస్తే ఒకటే గోధుమరంగు నేల, ఒక నది లేదు, ఒక చెరువు లేదు. ఏడాది పొడుగునా పారే నది ఒమన్‌లో ఒక్కటీ లేదని పాఠంలో చదవడం వేరు, గంటకి పైగా కిందికి చూస్తూ ఒక్క నీటి చార కూడా కనపడకపోవడం వేరు. చివర్లో ఉన్నట్టుండి తెల్లగా దూది పరిచినట్టు మబ్బు వచ్చింది, విమానం దాంట్లోకి దిగింది, కింద పచ్చటి గడ్డి కనిపించింది.

బయట 26 డిగ్రీలు. ముసురు. వాన అని చెప్పలేం, తుంపర అని కూడా గట్టిగా అనలేం, కళ్లద్దాలు తుడుచుకుంటే నిమిషంలో మళ్లీ తడిసిపోయే తడి. బావ నవ్వుతూ వచ్చి "ఏటి బామ్మర్దీ, ఖరీఫ్‌కి వచ్చారు" అన్నాడు. ఇక్కడ ఈ కాలం పేరే ఖరీఫ్, జూన్ చివరి నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా. అరబ్బీలో ఆ మాటకి శరత్కాలం అని అర్థమట. మన రైతు జూన్‌లో నారు పోసేటప్పుడు అనే ఖరీఫ్ కూడా ఆ మాటే, అక్కడి నుంచే మన దాకా వచ్చింది. ఒకే మాట, ఒకే గాలి. మనకి దుక్కి దున్నే కాలం, వాళ్లకి పండగ కాలం. మిగతా గల్ఫ్ దేశాలు 45 డిగ్రీల్లో కాగుతుంటే కుటుంబాలకి కుటుంబాలు కార్లేసుకుని ఈ తడిలో కూర్చోడానికి వస్తారు. గొడుగు తెచ్చుకోరు. తడవడానికే వస్తారు.

రెండో రోజు

పొద్దున ఊళ్లో తోటల రోడ్డుకి వెళ్లాం. కొబ్బరి, అరటి, బొప్పాయి. దారి పొడుగునా బడ్డీల్లో అరటి గెలలు వేలాడదీసి బొండాలు కొట్టి ఇస్తున్నారు. కళ్లు మూసి తెరిస్తే కోనసీమ అనుకుంటాం, ఆ ఇసక నేలా, గెలల బరువూ అచ్చం అలాగే ఉన్నాయి. అయితే ఇదంతా ఊటనీళ్లతో, బావులతో పండేది, వాన మీద కాదు. సలాలాకి ఏడాదంతా కలిపి పడే వాన సగటున 100 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. విశాఖకి వెయ్యి దాటుతుంది. పది రెట్లు. మరి ఈ పచ్చదనం ఎక్కడిది అన్న అనుమానం మధ్యాహ్నం కొండ మీద తీరింది.

ఊరి వెనక కొండలు ఎక్కుతుంటే మబ్బులోకే వెళ్తాం. పది అడుగుల ముందు ఆవు కనపడదు, మెడ గంట వినపడుతుంది. ఆవుల మందలు మేపుకుని బతికే కొండజనం ఇక్కడ ఉన్నారు. ఒంటెలని మాత్రం ఈ మూణ్ణెల్లూ కిందికి దింపేస్తారు, బురదలో వాటి కాళ్లు జారి విరుగుతాయని. బావ కారు ఆపిన చోట ఒక చెట్టు ఉంది. అమ్మ దాని కింద నిలబడి చెయ్యి చాపింది. టప్, టప్ అని చినుకులు. చెట్టు నీడ దాటి నాలుగడుగులు ఇవతలికి వస్తే చినుకు లేదు, గాల్లో తడి మాత్రమే. మళ్లీ చెట్టు కిందికి వెళ్తే వాన. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను: ఆకు అంచున సన్నటి నీటి గింజలు ఒకదాంట్లో ఒకటి కలిసి బరువెక్కి, ఆకు కొసకి జారి, ఒక్క క్షణం వేలాడి పడుతున్నాయి. కింద నేల ముద్దగా తడిసి ఉంది. మబ్బుని ఆకులతో పట్టి పిండుకుని చెట్టు తన వేళ్లకి తనే నీళ్లు పోసుకుంటోంది. చెట్టు లేకపోతే ఆ నీళ్లు కూడా లేవు. కొండ మీద చెట్టు కొట్టేస్తే వాన పోతుందని మనవాళ్లు ఊరికే అంటారనుకునేవాణ్ణి, ఇక్కడ అది కంటి ముందు కనపడింది. ఈ చెట్టు మన తూర్పు కనుమల్లో ఉండే చిరుమానుకి చుట్టం, రెండూ ఒకే ప్రజాతి. ప్రపంచంలో ఈ రకం సలాలా వెనకున్న ఈ ధోఫార్ కొండల్లోనూ పక్కనున్న యెమెన్ కొండల్లోనూ తప్ప ఇంకెక్కడా లేదు.

మూడో రోజు

కొండ దాటి ఉత్తరానికి వెళ్లాం. ఆ రోజు చూసింది జన్మలో మర్చిపోలేను. పొగమంచులో లైట్లేసుకుని ఎక్కుతున్నాం, శిఖరం దగ్గర ఉన్నట్టుండి ఎవరో పరదా లాగేసినట్టు మబ్బు అయిపోయింది. అయిదు నిమిషాల్లో ఎండ, నీలాకాశం, బూడిదరంగు రాళ్లు. బావ ఏసీ వేశాడు. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి మబ్బు కొండ అంచు దాకా వచ్చి అక్కడే ఆగిపోయి ఉంది.

ఎందుకు ఆగింది? లోపల ఉన్న రబ్ అల్ ఖాలీ, అంటే సౌదీ, ఒమన్, యెమెన్, ఎమిరేట్స్ నాలుగు దేశాల్లో పరుచుకున్న ఇసక ఎడారి, దాని మీది వేడి పొడిగాలి సలాలా మబ్బు పైన పొరలా కూర్చుంటుంది. కిందిగాలి చల్లన, పైగాలి వేడి. చల్లగాలి దాన్ని చీల్చుకుని పైకి పోలేదు. పైకి పోకపోతే పెద్ద మేఘం కట్టదు, ఉరుము లేదు, కుండపోత లేదు. గిన్నె మీద మూత పెట్టినట్టు. ఆ మూత కింద ఆవిరంతా వెయ్యి మీటర్ల లోపు కొండలకి రాసుకుంటూ ముసురుగా కురుస్తుంది, అంతే. మన దగ్గర ఆ మూత లేదు కాబట్టే అదే నైరుతి తేమ తూర్పు కనుమల మీద పదిహేను కిలోమీటర్ల ఎత్తు మేఘాలై ఉరుముతుంది.

సలాలాకి నలభై కిలోమీటర్ల దూరంలో వాది దౌకా అనే లోయలో సాంబ్రాణి చెట్లు చూశాం. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చోటు. ఈ చెట్టుకి మబ్బు పడదు, ఎడారీ పడదు, మబ్బు ఆగిన చోటికి ఇవతల, దాని చల్లటి గాలి సోకేంత దూరంలో పెరుగుతుంది. బెరడు మీద గీరితే పాలలాంటి చుక్క వచ్చి, కొన్ని రోజులకి పసుపు తెలుపు గింజ అవుతుంది. అమ్మ ఒక గింజ వాసన చూసి "ఇది మన గుళ్లో వాసనేరా" అంది. నిజమే, మన శేషాచలం కొండల్లో ఉన్న కొండ సాంబ్రాణి చెట్టూ ఇదీ ఒకే కుటుంబం. అక్కణ్ణుంచి ఇంకో గంట వెళ్తే ఇసక దిబ్బలు, ఎర్రగా. ఎక్కువసేపు ఉండలేదు, అమ్మకి తల తిరిగింది.

నాలుగో రోజు

వాది దర్బాత్, సుమ్హురమ్ పాత రేవు. సుమ్హురమ్‌లో రెండువేల ఏళ్ల కిందట సాంబ్రాణి ఓడలకెక్కించేవాళ్లు, మన దేశం నుంచి కూడా ఓడలు వచ్చేవి. ఇదే గాలి మీద. బాగుంది, కానీ ఆ రోజు నాకు గుర్తున్నది సాయంత్రం ఇంట్లో జరిగిన మాటలు.

2018 మే నెలలో మెకును తుపాను సలాలాని కొట్టింది. అప్ప అప్పుడు నాతో ఫోన్లో ఏడ్చింది తప్ప వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పింది. ఏడాదికి 100 మిల్లీమీటర్లు పడే ఊళ్లో రెండు మూడు రోజుల్లో కొన్నేళ్ల వాన పడింది. ఆ ఊళ్లో మన దగ్గరిలా పెద్ద కాలవలు లేవు, ఇళ్ల పైకప్పులు చదును, నీళ్లు పోయే దారి తక్కువ. ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాదులు, అంటే వాగులు, నిండి రోడ్ల మీదికి వచ్చాయి. "తలుపు కింద గుడ్డలు కుక్కి కూర్చున్నామమ్మా, మీ అల్లుడు పోర్టులో చిక్కుకుపోయాడు" అంది. అమ్మ ఏమీ అనలేదు కాసేపు. తర్వాత విశాఖని కొట్టిన హుద్‌హుద్ తుపాను గురించి చెప్పింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగిపోయిందని, అయిపోయిందనుకుని పక్కింటివాళ్లు బయటికి వచ్చారని, కాసేపటికి అటువైపు నుంచి రెట్టింపు గాలి వచ్చి రేకులు ఎగిరిపోయాయని. తుపాను కన్ను మన మీదుగా వెళ్లిందని తర్వాత తెలిసింది. మర్నాడు చూస్తే కైలాసగిరి పచ్చదనం మొత్తం మాడిపోయినట్టు గోధుమరంగులో ఉంది.

"హుద్‌హుద్ అంటే ఒక పిట్ట అత్తయ్యా, కూకుడు గువ్వ" అన్నాడు బావ. "ఆ పేరు ఇచ్చింది ఈ దేశమే." ఇది నాకు తెలుసు, తుపానుల పేర్లు ఈ సముద్రాల చుట్టూ ఉన్న దేశాలు వంతులవారీగా ఇస్తాయి. కానీ ఆ దేశంలో, ఆ గదిలో కూర్చుని ఆ మాట వింటే ఒళ్లు జలదరించింది. మన ఊరిని ధ్వంసం చేసిన గాలికి పేరు వీళ్లు పెట్టిన పిట్ట పేరు.

అయిదో రోజు

ముగ్సైల్ బీచ్. రాళ్ల మధ్య కన్నాల్లోంచి కెరటం పైకి చిమ్ముతుంది, పిల్లలు కేకలేస్తున్నారు. ఖరీఫ్‌లో సముద్రంలోకి దిగనివ్వరు, కెరటాలు అలా ఉన్నాయి. అయినా ఒడ్డున తడి ఇసక మీద నిలబడితే నీళ్లు వచ్చి పాదాలు తాకాయి. అమ్మ చటుక్కున కాలు వెనక్కి తీసుకుంది. "చల్లగా ఉందిరా!"

అమ్మ భీమిలి ఆడపడుచు. మా తాతయ్య తెప్ప మీద వేటకి వెళ్లినవాడు. ఆగస్టులో సముద్రం చల్లగా ఉండటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. మన బంగాళాఖాతం ఆ నెలలో 28, 29 డిగ్రీలుంటుంది. ఇక్కడ నైరుతి గాలి తీరానికి సమాంతరంగా, తీరం ఎడమ చేతి వైపు ఉండేట్టు వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీరు గాలికి కుడి పక్కకి, అంటే తీరానికి దూరంగా జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లటి నీళ్లు వస్తాయి. మూడో రోజు చూసిన మబ్బుకి కారణం కూడా ఇదే, చల్లటి నీటి మీదుగా వచ్చిన తడిగాలి చల్లబడి పొగమంచైంది. ఆ అడుగునీరు తనతో ఎరువు మోసుకొస్తుంది, దాంతో చేప. ఖరీఫ్ అయ్యాక ఇక్కడ కవళ్లు వలల నిండా పడతాయి, ఒడ్డున ఇసక మీదే ఎండబెడతారు. ఎక్కడ వాడతారో తెలుసా, ఆవులకీ ఒంటెలకీ దాణా. తిరుగుదారిలో ఒక షెడ్డు దగ్గర గోనెసంచి నిండా ఎండు కవళ్లు చూశాం. అమ్మ ఒకటి తీసి విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉప్పు పెట్టలేదు. పులుసుకి పనికొస్తాయి, ఒంటెలకి పెట్టేస్తున్నారు" అని నిజంగా బాధపడింది.

మరి మన విశాఖ తీరంలోనూ నైరుతి గాలి తీరానికి సమాంతరంగానే వీస్తుంది కదా, మన నీళ్లు ఎందుకు చల్లబడవు? తిరిగి వచ్చే విమానంలో దీని గురించే ఆలోచించాను. మన దగ్గర గాలికి అంత బలం లేదు, అది ఒకటి. అసలు కారణం నదులు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వానాకాలంలో తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక, అది బంగాళాఖాతం మీద పొరలా తేలుతుంది. కింది చల్లటినీరు దాన్ని తోసుకుని పైకి రాలేదు. పైపొర వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనమే తుపానుకి తిండి. అంటే సలాలాలో మూత ఆకాశంలో ఉంది, మన దగ్గర మూత సముద్రం మీద ఉంది. మార్చి నెల చుట్టుపక్కల, నదులు సన్నబడ్డాక, విశాఖ తీరంలోనూ అడుగునీరు పైకి వస్తుంది. 1950లలోనే ఆంధ్రా యూనివర్సిటీలో దీని మీద పని చేశారు. ఈ సంవత్సరం నా పిల్లలకి ఆ బాణంతో పాటు ఈ రెండు మూతలూ గీసి చూపిస్తాను.

అక్టోబరు, విశాఖలో మొదటి రోజు

అప్పావాళ్లు దసరా ముందు దిగారు. బావకి ఎర్రమట్టి దిబ్బలు చూడాలని ఉంది, అనకాపల్లి మనిషి అయ్యుండి ఎప్పుడూ వెళ్లలేదు. భీమిలి రోడ్డులో ఆ దిబ్బల మధ్యకి దిగగానే ఒక పిడికెడు తీసి అరచేతిలో రుద్ది, "ఇది ఆ ఎడారి ఎరుపే" అన్నాడు. రంగు ఒకటే, ఇసక రేణువుకి పట్టిన ఇనప తుప్పు. మంచుయుగంలో సముద్రం వంద మీటర్లకి పైగా కిందికి పోయినప్పుడు బయటపడ్డ ఇసకని గాలి ఎత్తి పోసింది. గాలి పోసిన ఇసకే, అక్కడా ఇక్కడా. కానీ అక్కడ గాలి ఇంకా పోస్తూనే ఉంది, ఇక్కడ వాన కోస్తోంది. ఎటు చూసినా నిలువునా కోసుకుపోయిన గెడ్డలు, వేళ్లు బయటపడ్డ జీడిమామిడి చెట్లు. మేం నిలబడి ఉండగానే జల్లు వచ్చింది, ఎర్రటి నీళ్లు కాళ్ల పక్కనుంచి సన్నగా పారాయి. ఆ దారిని మట్టి ఎలా జారుతుందో చూస్తూ బావ తడుస్తూనే నిలబడ్డాడు. దేశం గుర్తించిన భూవారసత్వ స్థలం ఇది, అంచుల్లో మట్టి తవ్వుకుపోయిన గుంతలు చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోయింది.

రెండో రోజు

కిరండూల్ పాసింజర్‌లో అరకు. దారంతా సొరంగాలు, ప్రతి సొరంగం తర్వాత ఇంకాస్త చల్లగాలి. ఈ కొండలూ ధోఫార్ కొండలూ ఎత్తులో పెద్ద తేడా లేదు, అరకులోయ 900 మీటర్ల చుట్టుపక్కల. రాయి మాత్రం వేరు. ధోఫార్ కొండలు ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి, కొన్ని కోట్ల ఏళ్ల వయసు. మన కొండలు ఖోండలైట్, ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే ప్రపంచమంతా ఆ రాయిని పిలుస్తుంది, సుమారు వంద కోట్ల ఏళ్లది. బొర్రా దగ్గర మాత్రం సున్నపురాయి ఉంది కాబట్టి గుహ ఏర్పడింది. లోపల పైనుంచి నీటిబొట్టు పడుతుంటే అప్ప చెయ్యి పట్టింది, ఆగస్టులో చెట్టు కింద అమ్మ పట్టినట్టే.

గుహ అడుగున గోస్తని హోరు వినపడుతోంది. "మా కొండల్లో నీళ్లన్నీ రాతిలోకి దిగిపోతాయి బామ్మర్దీ, కింద ఎక్కడో ఊటై తేలాలి, ఇలా చప్పుడు చేస్తూ పారే నది అక్కడ లేదు" అన్నాడు బావ. ఈ నీరే అనంతగిరి కొండలు దిగి, తాటిపూడి దగ్గర ఆగి మా విశాఖ కుళాయిల్లోకి కొంత వచ్చి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే అమ్మ పుట్టింటికి. బంగాళాఖాతం మీది మూతలో ఈ చిన్న నది చెంచాడు కూడా ఉంటుంది.

మూడో రోజు

పొద్దున టీవీలో అల్పపీడనం వాయుగుండంగా మారిందన్నారు. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే మైకులో వేటకి వెళ్లొద్దని చెప్తున్నారు, బోట్లు ఒకదాని పక్కన ఒకటి తాళ్లతో బిగించి ఉన్నాయి. అప్ప ఆర్కే బీచ్‌లో నీళ్లలో కాసేపు నిలబడింది. గోరువెచ్చగా ఉన్నాయి. ఎక్కువసేపు ఉండనివ్వలేదు, అలలు పెద్దవవుతున్నాయి.

ఇంటికొచ్చేసరికి అమ్మ బిందెలు, బకెట్లు, చివరికి వంట గిన్నెలు కూడా నీళ్లతో నింపేసింది. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె గూట్లో పెట్టింది. హుద్‌హుద్ తర్వాత ఎనిమిది రోజులు మా వీధిలో కరెంటు లేదు, మోటారు లేక నీళ్లు లేవు, అప్పటి నుంచి వాయుగుండం అన్న మాట వింటే చాలు ఆవిడ ముందు కుళాయి తిప్పుతుంది. బావ ఏమీ అడక్కుండా మేడ మీదికెళ్లి విడి రేకులకి రాళ్లు పెట్టాడు. అప్ప పాత దుప్పట్లు చింపి తలుపు కింద కుక్కడానికి చుట్టలు చుట్టింది.

రాత్రంతా వాన. తెల్లారేసరికి వాయుగుండం ఒడిశా వైపు వెళ్లిపోయిందన్నారు. అమ్మ ఒక్కో బకెట్టూ తెచ్చి వాకిలి కడిగింది, మిగిలిన నీళ్లు కరివేపాకు మొక్కకి పోసింది.